కోడులో రాసిన తెలుగు కాగితం మీదికి రావాలంటే

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్లలో కూలి పీసు లెక్కన ఉంటుందని మన ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. జేబు కుడితే ఒక రేటు, జిప్పు వేస్తే ఒక రేటు, నడుం పట్టీకి ఒకటి, లూపులకు ఇంకొకటి. డిగ్రీ చదివే ఒకమ్మాయి ఆ లెక్కంతా కట్టే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాసింది. ఏ లైను ఏం చేస్తుందో పక్కనే తెలుగులో రాసి పెట్టుకుంది. 'వాపసు వచ్చిన పీసుకు కోత' అని ఒక చోట, 'పండగ అడ్వాన్సు ఇక్కడ పట్టుకోవాలి' అని మరో చోట. తెర మీద అంతా ముచ్చటగా ఉంది. ప్రాజెక్టు రిపోర్టు కోసం దాన్ని పీడీఎఫ్ చేసేసరికి తెలుగు ఉన్న ప్రతి చోటా ఖాళీ గళ్లు వచ్చాయి. గడువు దగ్గర పడింది. ఏం చేస్తుంది? తెలుగు మొత్తం చెరిపేసి, అవే మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఇచ్చేసింది.

ఇలా చెరిపేస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు. చెరపవద్దని, చెరపాల్సిన అవసరమే లేదని చెప్పడానికే ఈ ప్రసంగం.

కోడులో తెలుగు ఎందుకు, కంప్యూటర్‌కు అక్కర్లేదు కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, కంప్యూటర్‌కు అక్కర్లేదు. అది వ్యాఖ్యల్ని, అంటే ఇలా పక్కన రాసుకున్న మాటల్ని, చదవదు, దాటుకుని పోతుంది. వ్యాఖ్యలు చదివేది మనుషులు. కూలి ఎలా లెక్కగట్టాలో మేస్త్రీకి తెలుసు, మిషను మీద కూర్చునే అక్కకు తెలుసు. వాళ్లకు పైథాన్ రాదు. కానీ పక్కన తెలుగులో ఉన్న మాట చదివితే, 'ఇట్ల కాదమ్మా, గుడ్డ కోతలో పోయిన పీసుకు కుట్టినోళ్ల కూలి కొయ్యరు, అది కటింగ్ వాళ్ల లెక్క' అని చెప్పగలరు. ప్రోగ్రాంలో ఉన్న అసలు తప్పు పట్టుకునేది అలాంటివాళ్లే. పొలం లెక్కలూ అంతే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా మనది. వేరుశనగ విత్తడానికి పదును ఎప్పుడు చాలుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం ఎవరైనా రాస్తే, అది సరిగా ఉందో లేదో తేల్చాల్సింది ఎవరు? గుమ్మగట్టలోనో కణేకల్లులోనో మడక దున్నిన రైతు. ఆయన చేతికి మనం లాప్‌టాప్ ఇవ్వం. కాగితం ఇస్తాం, లేదంటే వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపుతాం. అందుకే ఆ పీడీఎఫ్‌లో తెలుగు తెలుగులాగా ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మన ఊరి పేరే తీసుకోండి. 'రాయదుర్గం' అని పలికితే మనకు వినిపించేవి నాలుగు అక్షరాలు. రా, య, దు, ర్గం. కంప్యూటర్ దాచుకునేవి తొమ్మిది సంకేతాలు. ర, దీర్ఘం, య, ద, కొమ్ము, మళ్లీ ర, పొల్లు, గ, సున్న. ఇందులో గ వత్తు ఎక్కడా లేదని గమనించండి. ర, పొల్లు, గ అని వరసగా కనిపించినప్పుడు, గ ను వత్తుగా మార్చి ర కింద పెట్టాలన్న తెలివి ఫాంటులోనూ, ఆ ఫాంటును నడిపించే సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండాలి. యూనికోడ్ ప్రమాణం మొదటి సంపుటం 1991లో వచ్చింది. అందులో తెలుగుకు 3072వ నెంబరు నుంచి 128 స్థానాలు కేటాయించారు. తెలుగు అయిపోయిన మరుసటి నెంబరు, 3200, నుంచి కన్నడం మొదలవుతుంది. ఫైలులో రాసేటప్పుడు యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. రాయదుర్గానికి మొత్తం 27.

పీడీఎఫ్ సంగతి వేరు. అడోబ్ సంస్థ దాన్ని 1993లో తెచ్చింది, 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. కాగితం మీద ఏ ఆకారం ఎక్కడ పడాలో రాసిపెట్టుకోవడమే దాని పని. పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, దాని దగ్గర 14 ఫాంట్లు తప్పకుండా ఉంటాయని తొలినాళ్లలో ఒక ఏర్పాటు చేశారు. టైమ్స్, హెల్వెటికా, కొరియర్ రకాలు పన్నెండు, గుర్తుల ఫాంట్లు రెండు. వాటిలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. కాబట్టి తెలుగు పీడీఎఫ్ ఏ ఊరికి పోయినా, చేనుకు పోయేవాడు సద్ది కట్టుకున్నట్టు తన ఫాంటును తనలోనే కట్టుకుని పోవాలి.

తెలుగు చెడిపోయిన పీడీఎఫ్‌లు అన్నీ ఒకే రకంగా చెడిపోవు. ఎలా చెడిందో చూస్తే ఎక్కడ చెడిందో తెలుస్తుంది. ఇది తెలియక పిల్లలు ఫాంటు మార్చాల్సిన చోట ఫైలు మారుస్తారు, ఫైలు మార్చాల్సిన చోట సాఫ్ట్‌వేర్ మారుస్తారు, చివరికి విసిగి తెలుగునే మార్చేస్తారు.

ఒక రకం ఇలా ఉంటుంది. తెలుగు ఉండాల్సిన చోట నెత్తి మీద గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ అక్షరం, దాని పక్కన ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ సున్న, ఆ పక్కన ఇంకేదో గుర్తు, మళ్లీ అదే ఏ. కొన్ని చోట్ల డిగ్రీకి బదులు ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తు వస్తుంది. పేజీ నిండా ఇదే వరస. దీనికి కారణం ఉంది. తెలుగు సంకేతం ఏదైనా దాని మొదటి బైటు 224, రెండో బైటు 176 గానీ 177 గానీ అవుతుంది. విండోస్ పాత పద్ధతిలో 224 అంటే నెత్తి మీద గీత ఉన్న ఏ, 176 అంటే డిగ్రీ, 177 అంటే ప్లస్-మైనస్. అంటే మూడు బైట్లను కలిపి ఒక తెలుగు అక్షరంగా చదవాల్సిన సాఫ్ట్‌వేర్, విడివిడిగా మూడు పాశ్చాత్య గుర్తులుగా చదివింది.

కన్నడం కూడా ఇలాగే చెడుతుంది గానీ, రెండో బైటు 178 లేదా 179 అవుతుంది. అప్పుడు డిగ్రీ స్థానంలో చిన్న 2 గానీ చిన్న 3 గానీ, గణితంలో వర్గానికి, ఘనానికి పైన వేసే అంకెలు కనిపిస్తాయి. ఇది మనలాంటి ఊరికి పనికొచ్చే ఆనవాలు. రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది, ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు అనంతపురం జిల్లాకు వచ్చింది. ఇప్పటికీ మన ఇళ్లలో, అంగళ్లలో రెండు భాషలూ నడుస్తాయి. ఒకే ఫైలులో రెండూ ఉంటే, పాడైన పేజీ చూసి ఏ లైను తెలుగో ఏ లైను కన్నడమో చెప్పేయవచ్చు.

ఈ రకంలో మంచి కబురు ఏమిటంటే, మీ తెలుగు ఎక్కడికీ పోలేదు. బైట్లు భద్రంగా ఉన్నాయి, చదవడం తప్పింది అంతే. ఆ పిచ్చి గుర్తులు తెర మీద కనిపిస్తున్నప్పుడు మాత్రం సేవ్ నొక్కవద్దు. నొక్కితే తప్పుడు రూపమే ఫైలులో స్థిరపడుతుంది. ఫైలు మూసి, యూటీఎఫ్-8గా తెరవమని ఎడిటర్‌కు చెప్పాలి. వీఎస్ కోడ్ వాడేవాళ్లకు ఎన్‌కోడింగ్‌తో మళ్లీ తెరిచే సదుపాయం కింది పట్టీలోనే ఉంటుంది. పైథాన్ ప్రోగ్రాంతో పీడీఎఫ్ చేస్తుంటే, ఫైలు తెరిచే లైనులో ఎన్‌కోడింగ్ ఏదో స్పష్టంగా రాయాలి. రాయకపోతే విండోస్‌లో చాలా వెర్షన్లు పాత పద్ధతినే పట్టుకుంటాయి. జావా 18వ వెర్షన్, 2022లో వచ్చినది, యూటీఎఫ్-8ను తనంతట తానే తీసుకుంటుంది. అంతకు ముందువి విండోస్‌లో తీసుకోవు, వాటికి చెప్పాలి. కాలేజీ ల్యాబుల్లో పాత జావా ఇంకా ఉంటుంది గనక ఇది గుర్తు పెట్టుకోండి.

వీటికి బదులు వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయనుకోండి, అది చెడ్డ కబురు. మధ్యలో ఏదో సాఫ్ట్‌వేర్ తనకు తెలియని అక్షరాన్ని తీసేసి దాని స్థానంలో ప్రశ్నార్థకం పెట్టేసింది. ఆ ఫైలులో తెలుగు ఇక లేదు. మూల ఫైలు వేరే చోట ఉంటేనే దారి.

ఇక ఖాళీ గళ్లు. మనం మొదట చెప్పుకున్న అమ్మాయికి వచ్చినవి ఇవే. అక్షరం ఏదో సాఫ్ట్‌వేర్‌కు తెలుసు, దాన్ని గీయడానికి చేతిలో ఉన్న ఫాంటులో ఆ ఆకారం లేదు. కోడు అంటే ప్రతి అక్షరం ఒకే వెడల్పు ఉండే ఫాంటులో వేయడం అలవాటు. కొరియర్, కన్సోలాస్ లాంటివి. వాటిలో తెలుగు లేదు. మరి తెర మీద ఎలా కనిపించింది? మీకు చెప్పకుండా ఎడిటర్ ఆ మాట వరకూ వేరే తెలుగు ఫాంటును తెచ్చి వేసింది. పీడీఎఫ్ చేసే సాధనాల్లో చాలావాటికి ఆ అలవాటు లేదు. ఏ ఫాంటు చెబితే అదే, లేకపోతే గడి.

కాబట్టి మనమే చెప్పాలి. పాండాక్ అనే సాధనం వాడేవాళ్లు ఇక్కడ ఒక చోట తడబడతారు. ముఖ్య ఫాంటు అని ఒకటుంది, కోడుకు వాడే మోనో ఫాంటు అని ఇంకొకటుంది. ముఖ్య ఫాంటుకు తెలుగు ఇస్తే రిపోర్టులో మామూలు పేరాలు బాగుపడతాయి, కోడు పెట్టెల్లో మాత్రం గళ్లు అలాగే ఉంటాయి. రెండు చోట్లా చెప్పాలి. వెబ్ పేజీ ద్వారా పీడీఎఫ్ చేసేవాళ్లకు ఇంకా సులువు. స్టైల్ ఫైలులో కోడు ఫాంటు పేర్ల వరసలో మొదట డెజావూ సాన్స్ మోనో, ఆ తర్వాత నోటో సాన్స్ తెలుగు, కన్నడం ఉంటే నోటో సాన్స్ కన్నడ అని రాసి పెట్టండి. ఇంగ్లీషు కోడు మొదటిదాంట్లో పడుతుంది, తెలుగు రెండోదాంట్లో, కన్నడం మూడోదాంట్లో. ఒత్తులూ గుడులూ ఉన్న తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరమంత వెడల్పులో ఇరికిస్తే చదవలేం. అందుకని తెలుగు ఉన్న లైన్లలో నిలువు వరసలు కొంచెం జరుగుతాయి. అది తప్పేమీ కాదు. వ్యాఖ్యను కోడు పక్కన కాకుండా దాని పై లైనులో రాసుకుంటే ఆ తేడా కంటికి కనపడదు.

ఫాంట్లకు మనకు కరువు లేదు. ఒకప్పుడు ఉండేది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చిన రోజుల్లో అవే ఎందరికో దిక్కు. ఆ తర్వాత లోహిత్ వచ్చింది, నోటో వచ్చింది, సిలికానాంధ్ర పూనికతో ధూర్జటి, సూరన్న, పెద్దన, రామరాజ లాంటి పేర్లతో ఒక వరసే వచ్చింది. వీటిని పీడీఎఫ్‌లో కట్టి పంపడానికి ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు.

అన్నిటికన్నా మోసపూరితమైనది మరో రకం. తెలుగే కనిపిస్తుంది, కానీ విడిపోయి ఉంటుంది. దుర్గం అనే మాట దు, దాని పక్కన తల మీద పొల్లు ఉన్న ర, దాని పక్కన గం అని మూడు ముక్కలుగా వస్తుంది. స్త్రీ అన్న మాట ఇంకా ఘోరం, స, త, ర మూడూ ఎక్కడివి అక్కడ నిలబడతాయి. తెలుగు చదవడం రాని అధికారి చేతిలో పెడితే ఆయనకు తప్పు ఉన్నట్టే తెలియదు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకూ తెలియదు. అందుకే ఇలాంటివి సంవత్సరాల తరబడి అలాగే ఉండిపోయాయి. రాయదుర్గంలోని తొమ్మిది సంకేతాల్ని తొమ్మిది ఆకారాలుగా వరసపెట్టి గీసేయడమే ఇక్కడ జరిగిన తప్పు. కలపాల్సిన చోట కలిపే పనిని షేపింగ్ అంటారు. ఆ పని చేసే ఇంజిన్ పేరు హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు సరిగ్గా కనిపించడానికి కారణం అదే. మీ పీడీఎఫ్ సాధనంలో అది గానీ, అలాంటిది గానీ ఉందా లేదా అన్నదే ప్రశ్న.

దీనికి పెద్ద ఉదాహరణ మన తెలుగు వికీపీడియా. అది 2003 డిసెంబరులో మొదలైంది. వ్యాసాన్ని పీడీఎఫ్‌గా దించుకునే సదుపాయం వచ్చాక చాలాకాలం మన లిపులకు అది అక్కరకు రాలేదు. వెనుక పని చేసే రిపోర్ట్‌ల్యాబ్ అనే పైథాన్ లైబ్రరీకి అప్పట్లో షేపింగ్ రాదు. 2014లో వికీమీడియా వాళ్లు ఆ పాత ఏర్పాటు తీసేసి, జీలాటెక్ అనే సాధనం మీద నడిచే కొత్తది పెట్టారు. 2017లో దాన్నీ ఆపి, బ్రౌజర్ ఇంజిన్‌తోనే పీడీఎఫ్ చేయించే పద్ధతికి వచ్చారు. అంత పెద్ద సంస్థ మూడు దారులు తొక్కి చేరిన చోటు అది. మీరు నేరుగా అక్కడికే వెళ్లవచ్చు. కోడును వెబ్ పేజీగా మార్చి, క్రోమ్‌లో తెరిచి, ప్రింట్‌లో సేవ్ యాజ్ పీడీఎఫ్ నొక్కడం మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పే దారి.

లాటెక్‌తో పెద్ద రిపోర్టు చేసేవాళ్లు పాత పీడీఎఫ్‌లాటెక్ వదిలి జీలాటెక్ గానీ, హార్ఫ్‌బజ్ ఆన్ చేసిన లువాలాటెక్ గానీ వాడండి. ఫాంటు పేరు చెప్పే చోట లిపి తెలుగు అని కూడా చెప్పండి, లేకపోతే ఒత్తులు కుదరవు. లిస్టింగ్స్ అనే పాకేజీకి దూరంగా ఉండండి, అది తెలుగు అక్షరాల్ని ఉన్న చోట ఉంచదు. స్ఫింక్స్‌తో కోడు పత్రాలు తయారుచేసేవాళ్లు సెట్టింగ్స్‌లో లాటెక్ ఇంజిన్ పేరు మార్చి, తెలుగు ఫాంటు పేరు కూడా ఇవ్వాలి. పైథాన్‌లోంచే నేరుగా పీడీఎఫ్ చేయాలంటే వీజీప్రింట్ ఉంది, ఎఫ్‌పీడీఎఫ్2 ఉంది. రెండోదాంట్లో టెక్స్ట్ షేపింగ్ మీరే ఆన్ చేయాలి. జావాలో బాగా వాడే ఐటెక్స్ట్‌కు మన లిపుల షేపింగ్ విడిగా డబ్బు పెట్టి కొనాల్సిన భాగం. అది తెలియక దాంతో రోజులు పారేసుకోవద్దు.

షేపింగ్ ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక సంకేతం, దాని వెనుక దీర్ఘం. ఈ అయిదూ ఆ వరసలో ఉన్న ఒక్క సందేశం వస్తే చాలు, ఐఫోన్లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న దాని కోసమే ఒక అప్‌డేట్ విడుదల చేయాల్సి వచ్చింది. అప్పుడు కొందరు తెలుగు అక్షరం ఫోన్లను చంపేస్తోందని రాశారు. ఆ మాట నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. తెలుగులో ఏ దోషమూ లేదు, దాన్ని సరిగా పరీక్షించకుండా వదిలిన ప్రోగ్రాంలో ఉంది. ఆ కనిపించని సంకేతం మనం రోజూ వాడేదే. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. కొన్ని పీడీఎఫ్ సాధనాలు దాన్ని కూడా ఒక గడిగా గీస్తాయి. మాట మధ్యలో ఒంటరి గడి కనిపిస్తే అనుమానించాల్సింది దాన్నే.

కంటికి అంతా బాగున్న పీడీఎఫ్‌లోనూ ఒక లోపం దాగి ఉండొచ్చు. పీడీఎఫ్‌లో ఉండేవి ఆకారాలు అని చెప్పాను కదా. ఏ ఆకారం ఏ అక్షరమో తెలిపే పట్టిక ఒకటి లోపల విడిగా ఉండాలి. అది లేకపోతే వెతికితే మాట దొరకదు, కాపీ చేస్తే చెత్త వస్తుంది. అన్నిటికీ మించి, చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అక్కడ మూగదైపోతుంది. డీటీపీ అంగళ్లలో పెళ్లి పత్రికలకు వాడే పాత ఫాంట్లతో కొట్టిన తెలుగును కోడులోకి తెచ్చుకుంటే జరిగేది ఇదే. కాగితం మీద తెలుగు, లోపల ఉన్నవి ఇంగ్లీషు సంకేతాలు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాకే వాడాలి. మంచి సాధనాలు కూడా ఈ పట్టిక విషయంలో ఒత్తుల దగ్గర తడబడుతుంటాయి. అందుకని పీడీఎఫ్‌తో పాటు మూల కోడు ఫైలును కూడా తప్పకుండా ఇవ్వండి.

విద్యార్థులకు నా మనవి. రిపోర్టు చేయడం మొదలుపెట్టిన రోజే, ఆఖరి రోజు కాదు, ఒక్క వ్యాఖ్య ఉన్న చిన్న ఫైలుతో పీడీఎఫ్ చేసి చూసుకోండి. ఆ వ్యాఖ్యలో రాయదుర్గం, స్త్రీ, జ్ఞానం, లక్ష్మి, సాఫ్ట్‌వేర్ అనే అయిదు మాటలు పెట్టండి. చెడిపోయేది ఏదైనా ఉంటే ఈ అయిదింటిలోనే బయటపడుతుంది. పీడీఎఫ్‌లో దుర్గం అని వెతికి, దొరుకుతుందో లేదో కూడా చూడండి. ఏ సాధనంలోనైనా చెడితే ఆ చిన్న ఫైలు, వచ్చిన పీడీఎఫ్, రావాల్సిన రూపం బొమ్మ, మూడూ కలిపి ఆ సాధనం తయారుచేసేవాళ్లకు పంపండి. వాళ్లకు తెలుగు రాదు, మీరు చూపితేనే వాళ్లకు కనిపిస్తుంది. అధ్యాపకులకు కూడా ఒక మాట. తెలుగు వ్యాఖ్యలున్న ప్రాజెక్టును వెనక్కి పంపకండి. ఆ కాగితాన్ని షెడ్డులో మేస్త్రీకి ఒకసారి చదివి వినిపించమని ఆ పిల్లలకు చెప్పండి.